రబ్బరు బంపర్ ఎంజీబీని కిందికి దించాలా? ఎంత దించాలి, ఏ పద్ధతిలో దించాలి?

1974 సెప్టెంబరు తర్వాత ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారుని పక్క నుంచి చూడండి. టైరుకీ ఫెండరు అంచుకీ మధ్య అరచెయ్యి అడ్డంగా దూరేంత సందు ఉంటుంది. స్పోర్ట్స్ కారుకి ఆ ఎత్తు నప్పదు. అమెరికాలో బంపర్లు నేల నుంచి ఇంత ఎత్తులో ఉండాలి, హెడ్‌లైట్లు ఇంత ఎత్తులో ఉండాలి అని నిబంధనలు వచ్చాయి. దాన్ని తయారుచేసే బ్రిటిష్ లేలండ్‌ దగ్గర కొత్త మోడల్‌కి డబ్బు లేదు. దాంతో ఉన్న కారునే ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం, అంటే 25 నుంచి 38 మి.మీ. పైకి లేపి, లోపల ఉక్కు పెట్టిన బరువైన నల్ల రబ్బరు బంపర్లు తగిలించి అమ్మేశారు. పైగా 1975 మోడల్‌లో ఖర్చు తగ్గించడానికి ముందు వైపు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) తీసేసి, కావాలంటే అదనపు డబ్బు కట్టమన్నారు. మలుపుల్లో ఆ కారు పక్కకి ఒరిగిన తీరు చూసి గగ్గోలు పుట్టాక, 1977 మోడల్ నుంచి ముందూ వెనకా రెండు బార్లూ ఇచ్చారు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటూ ఇలాంటి కారు కొన్నవాళ్లకి మొదట వచ్చే ఆలోచన దీన్ని అంతకుముందు వచ్చిన క్రోమ్ బంపర్ కార్ల ఎత్తుకి దించాలని. ఆలోచన మంచిదే. అయితే పద్ధతులు అరడజను ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఇబ్బంది ఉంది. అసలు ఎత్తు తగ్గించినంత మాత్రాన కారు బాగా నడుస్తుందన్న నమ్మకమే సగం తప్పు.

ఏవి చూసి నిర్ణయించుకోవాలి

మొదటిది సస్పెన్షన్‌కి మిగిలే ప్రయాణం. చక్రం గుంటలోంచి పైకి లేచినప్పుడు బంప్ రబ్బర్‌ని, అంటే చివర దాన్ని ఆపే రబ్బరు దిమ్మని, తాకేలోపు ఉండే దూరమే ప్రయాణం. కారుని అంగుళం దించితే ఆ దూరంలో అంగుళం పోతుంది. మలుపులో ఉండగా ముందు చక్రం రబ్బర్‌ని తాకిందంటే ఆ క్షణంలో స్ప్రింగ్ ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టు లెక్క. ముందు టైరు పట్టు జారి, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంది. వెనక చక్రం తాకితే తోక బయటికి విసురుతుంది. రెండోది ఇంకా ప్రమాదం.

రెండోది రోల్ సెంటర్. మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ ఊహా బిందువే రోల్ సెంటర్. ఎంజీబీ ముందు వైపు రెండు అంచెల విష్‌బోన్ (చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యి) అమరిక ఉంది, అందులో పై చేతి పనిని లివర్ ఆర్మ్ షాకే (చెయ్యి ఉన్న పాత రకం షాక్ అబ్జార్బరే) చేస్తుంది. చిన్న స్ప్రింగులతో కారుని దించితే కింది విష్‌బోన్ బయటి కొస పైకి వాలుతుంది. దాంతో రోల్ సెంటర్ బాడీ దిగినదానికన్నా ఎక్కువ దిగిపోతుంది. బరువు కేంద్రానికీ రోల్ సెంటర్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. అంటే కారు కిందికి దిగినా, స్ప్రింగులూ బార్లూ గట్టిపడకపోతే, మునుపటికన్నా ఎక్కువ ఒరిగే అవకాశం ఉంది. "దించాక ఇంకా పడవలా ఊగుతోందేంటి" అని వాపోయేవాళ్ల కారులో జరిగేది ఇదే.

మూడోది ముందు వెనకల తేడా. ఎంజీబీ వీల్‌బేస్ 91 అంగుళాలు. వెనక మాత్రమే అంగుళం దించితే కారు మొత్తం 0.6 డిగ్రీల మేర వెనక్కి వాలుతుంది, ముందు చక్రాల కాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే గీత వెనక్కి వాలిన కోణం) అంతే పెరుగుతుంది. ఎంజీబీకి ఫ్యాక్టరీ ఇచ్చిన కాస్టరే 7 డిగ్రీలు, అది చాలా ఎక్కువ. పవర్ స్టీరింగ్ లేని కారు కాబట్టి పార్కింగ్‌లో చేతులు ముందే పీకుతుంటాయి, ఇంకా పెరిగితే స్టీరింగ్ మరింత బరువెక్కుతుంది. ముందు మాత్రమే దించితే అంతే తగ్గుతుంది. స్టీరింగ్ తేలికవుతుంది, దానికి బదులు హైవేలో నేరుగా నిలబడే గుణం కొంచెం పోతుంది.

నాలుగోది నేలకీ అడుగుకీ మధ్య సందు. దీని గురించి కింద విడిగా చెప్పాలి, మన రోడ్ల మీద నడిపేవాళ్లకి లెక్క వేరు. ఐదోది, మార్చినదాన్ని రేపు వెనక్కి మార్చగలమా అన్నది. ఖర్చు ఆఖరిది. అందరూ దాన్నే మొదట అడుగుతారు.

కొలవకుండా స్పానర్ పట్టొద్దు

ఇవి నలభై అయిదేళ్లు దాటిన కార్లు. ముందు యజమానుల్లో ఎవరో ఇప్పటికే దించి ఉండొచ్చు, స్ప్రింగులు వాటంతటవే కుంగిపోయి ఉండొచ్చు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి పీడనం లెక్క చెడగొడతాయి. అందుకని చక్రం హబ్ మధ్య నుంచి నిటారుగా పైన ఫెండరు అంచు దాకా కొలవండి. సమతలమైన నేల, సరైన గాలి, సగం ట్యాంకు పెట్రోలు ఉండాలి. జాకీ దించిన వెంటనే కొలవకూడదు. కారుని రెండు మూడు మీటర్లు ముందుకీ వెనక్కీ నెట్టి, నాలుగు మూలలా రెండుసార్లు ఊపి వదిలాక కొలవాలి. లేకపోతే టైర్లు నేలని పట్టుకుని చక్రాలు లోపలికి ముడుచుకున్నట్టే ఉండి, కారు ఎత్తుగా కనిపిస్తుంది.

ఎడమకీ కుడికీ అర అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే దించడం మాట పక్కన పెట్టండి. ఒక పక్క వెనక కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగు) కుంగిందో, కట్టలో పట్టీ విరిగిందో చూడాలి. విరిగిన పట్టీ మీద బ్లాకు (దించడానికి పెట్టే దిమ్మ) పెట్టి దించడం పుండు మీద పౌడర్ రాసినట్టే.

రబ్బరు బంపర్లు తీసి క్రోమ్ బంపర్లు పెట్టే ఆలోచన కూడా ఉంటే, ఆ పని ముందు చేయండి. ముందు బంపర్ బరువు పోయేసరికి కారు ముక్కు కొంత పైకి లేస్తుంది. స్ప్రింగులు ముందే కొని బిగించుకుంటే ఎత్తు లెక్క తప్పుతుంది.

ముందు వైపు దారులు

*చిన్న స్ప్రింగులు.* ఎక్కువమంది చేసేది ఇదే. ఎంజీబీ స్ప్రింగ్ కింది విష్‌బోన్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి స్ప్రింగ్ దగ్గర మార్పు చక్రం దగ్గర దాదాపు రెండింతలవుతుంది. స్ప్రింగ్ ఎత్తు అర అంగుళం తగ్గితే కారు అంగుళం దిగుతుంది. బలం విషయంలో లెక్క తిరగబడుతుంది. చక్రం దగ్గర అందే గట్టిదనం స్ప్రింగ్ గట్టిదనంలో సుమారు నాలుగో వంతే. ఓపెన్ టాప్ రోడ్‌స్టర్ పాత స్ప్రింగ్ అంగుళానికి 348 పౌండ్లు, జీటీ కూపే స్ప్రింగ్ 480 పౌండ్లు. వినడానికి తేడా భయపెడుతుంది కానీ చక్రం దగ్గర అది అంగుళానికి 30, 35 పౌండ్ల తేడా. అందుకే 480 పౌండ్ల స్ప్రింగుని రోడ్‌స్టర్‌లో వాడినా నడుం విరగదు, ఒరగడం మాత్రం బాగా తగ్గుతుంది. పైన చెప్పిన రోల్ సెంటర్ సమస్యకి ఇదే జవాబు. దించేటప్పుడు పొట్టి స్ప్రింగు కొనడం చాలదు, గట్టిది కూడా కావాలి. పాత గట్టిదనంతోనే పొట్టిగా ఉన్న స్ప్రింగు కొంటే ఎత్తు తగ్గుతుంది, నడక చెడుతుంది.

*స్ప్రింగు కోయడం.* ఎంజీబీ స్ప్రింగు కొసలు ప్యాన్‌లో (స్ప్రింగు కింది పళ్లెంలో) సమంగా కూర్చునేలా చదును చేసి ఉంటాయి. గ్రైండర్‌తో ఒక చుట్టు కోస్తే ఆ కొస పోతుంది. స్ప్రింగు వంకరగా కూర్చుని ప్యాన్‌ని ఒక పక్కే నొక్కుతుంది. గ్యాస్ మంటతో వేడి చేసి కుంగదీయడం ఇంకా ఘోరం. ఉక్కు పదును పోయి ఆర్నెల్లలో ఇంకా కుంగుతుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. రెండూ వద్దు. కొత్త స్ప్రింగుల జత ఈ కారు మీద పెట్టే మిగతా ఖర్చుల ముందు ఎంత.

*క్రోమ్ బంపర్ కారు క్రాస్‌మెంబర్.* అసలు ఫ్యాక్టరీ కారుని ముందు వైపు లేపింది స్ప్రింగులతో కాదు, విష్‌బోన్లని మోసే అడ్డ దూలంతో, అంటే క్రాస్‌మెంబర్‌తో. బాడీ పట్టాలకీ విష్‌బోన్లకీ మధ్య ఎత్తు పెరిగేలా దాన్ని మార్చారు. కాబట్టి పాత తరహా క్రాస్‌మెంబర్ తెచ్చి పెడితే విష్‌బోన్ల కోణాలు, రోల్ సెంటర్, బంప్ రబ్బర్ దూరం ఏవీ చెడకుండా కారు అంగుళం దిగుతుంది. కాగితం మీద ఇంతకన్నా అందమైన దారి లేదు. చిక్కంతా స్టీరింగ్‌లో ఉంది. చక్రాలని తిప్పే స్టీరింగ్ రాక్ క్రాస్‌మెంబర్ మీదే కూర్చుంటుంది, రెండు రకాల క్రాస్‌మెంబర్లలో రాక్‌ని పట్టుకునే బ్రాకెట్ల కోణం వేరు. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం కింది కడ్డీ) బాడీకి బిగించి ఉంటుంది. రెండూ కలిసే యూనివర్సల్ జాయింట్ దగ్గర గీత తప్పితే స్టీరింగ్ ఒక చోట బరువుగా, ఒక చోట తేలికగా తిరుగుతుంది, జాయింట్ తొందరగా పోతుంది. బ్రాకెట్లని షిమ్‌లతోనో (సందులో పెట్టే పలచని రేకులతోనో) వెల్డింగ్‌తోనో సరిచేయగల మనిషి దగ్గరుంటేనే ఈ దారి పట్టండి. ఎలాగూ ఇంజిన్ దింపి ముందు భాగం మొత్తం విప్పి రిపేరు చేస్తున్నప్పుడైతే ఇది సరైన సమయం. ఉత్త ఎత్తు కోసం మాత్రం ఇంత పని పెట్టుకోనక్కర్లేదు.

*కాయిలోవర్ కిట్లు.* లివర్ ఆర్మ్ షాకులు తీసేసి, విడిగా పై విష్‌బోన్ పెట్టి, ఎత్తు తిప్పి మార్చుకోగల టెలిస్కోపిక్ షాకూ స్ప్రింగూ కలిపి అమర్చే కిట్లు దొరుకుతాయి. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం) కూడా మార్చుకోవచ్చు. పాత కారుకి ఫ్యాక్టరీ ఇచ్చింది ఒక డిగ్రీ పాజిటివ్ క్యాంబర్, ఇప్పటి రేడియల్ టైర్లకి అది నప్పదు. ట్రాక్ మీద పరిగెత్తించేవాళ్లకి ఈ కిట్ నిజంగా ఉపయోగం. వారానికోసారి షికారుకి వెళ్లేవాళ్లకి మాత్రం ఎత్తు మార్చే సదుపాయం మొదటి నెలలోనే బోరు కొడుతుంది, తర్వాత ఎత్తు మార్చే రింగులు (కాలర్లు) తుప్పు పట్టి కదలవు. పైగా ఎడమ కుడి కాలర్లు సమంగా తిప్పకపోతే బరువు ఎదురెదురు మూలలకి ఎక్కువ తక్కువవుతుంది, బ్రేకు వేస్తే కారు పక్కకి లాగుతుంది. నాలుగు తూకాల మీద నిలబెట్టి సరిచేయగలిగితేనే కొనండి.

వెనక వైపు దారులు

వెనక గట్టి ఇరుసు, దాని కింద కమాన్ కట్టలు. మన ఊళ్లో జీపులూ లారీలూ చూసినవాళ్లకి కొత్త కాదు.

*బ్లాకులు.* కట్టకీ ఇరుసుకీ మధ్య అంగుళం లేదా అంగుళంపావు మందం అల్యూమినియం దిమ్మ పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగిస్తారు. ఎంత మందమో అంతే దిగుతుంది, లెక్కలో తికమక లేదు. ఇందులో చాలామంది గమనించని మంచి విషయం ఒకటుంది. ఎంజీబీ వెనక షాకు లింకు కట్ట కింది ప్లేటుకి బిగించి ఉంటుంది. బ్లాకు పెట్టినప్పుడు కట్టా ప్లేటూ బాడీతో పాటే దిగుతాయి కాబట్టి షాకు చెయ్యి మునుపటి కోణంలోనే ఉంటుంది. నష్టం ఏమిటంటే ఇరుసుకీ బంప్ రబ్బర్‌కీ మధ్య దూరం బ్లాకు మందమంతా తగ్గుతుంది, కింది ప్లేటు నేలకి అంతే దగ్గరవుతుంది.

రెండో నష్టం, కట్ట ఇరుసు మధ్య నుంచి దూరం కావడం. గట్టిగా క్లచ్ వదిలినప్పుడు ఇరుసు తన చుట్టూ తాను మెలి తిరగడానికి చూస్తుంది, కట్ట దాన్ని ఆపాలి. దూరం పెరిగితే ఆ మెలికకి బలం పెరిగి కట్ట ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగి, ఒక్కసారి విడిచి, వెనక చక్రాలు టకటకమని గెంతుతాయి. అమెరికా కోసం చేసిన 1975 తర్వాతి కార్లకి ఒకే జెనిత్ స్ట్రోంబర్గ్ కార్బురేటర్, అరవై చిల్లర హార్స్ పవర్. వాటికి అంగుళంపావు బ్లాకుతో ఈ భయం లేదు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లున్న ఇంగ్లండు కారుకి అంగుళం దాకా పర్వాలేదు. రోవర్ వీ8 ఇంజిన్ పెట్టుకున్నవాళ్లు మాత్రం బ్లాకులు వద్దు. పెడితే ఇరుసు మెలిక తిరగకుండా పట్టే అదనపు రాడ్లు కూడా పెట్టాలి.

*తక్కువ వంపున్న కొత్త కట్టలు.* పాత కట్టలు ఎలాగూ మార్చాల్సి వస్తే ఇది బ్లాకుకన్నా మెరుగు. మెలిక సమస్య పెరగదు, బుష్‌లూ (కీళ్లలోని రబ్బరు తొడుగులూ) కొత్తవవుతాయి. కొనేటప్పుడు రబ్బరు బంపర్ కారు బాడీకి తగిన దించే కట్టలేనా అని అడిగి తీసుకోండి. కట్ట వేలాడే చోట్ల అమరిక ఈ కార్లలో వేరు, క్రోమ్ కారు కట్ట ఉన్నదున్నట్టు తెచ్చి వేస్తే అనుకున్న ఎత్తు రాకపోవచ్చు. జీటీ, రోడ్‌స్టర్ తేడా కూడా చూడండి. జీటీకి వెనక పైకప్పు, గాజు తలుపు బరువుంటాయి. జీటీ కట్టలు రోడ్‌స్టర్‌కి వేస్తే వెనక లేచి నిలబడుతుంది.

కొత్త కట్టలు మొదటి కొన్ని వందల మైళ్లలో కొద్దిగా కుంగుతాయి. బిగించిన రోజు ఎత్తు చూసి దిగులుపడి వెంటనే బ్లాకు ఆర్డర్ పెట్టొద్దు.

*పాత కట్టలనే వంపు తీయించడం.* కమాన్ కట్టలు చేసే పనివాళ్లు పట్టీలు విప్పి, వంపు తగ్గించి, మళ్లీ పదును పెట్టగలరు. బాగా చేస్తే మంచిదే. చల్లగా ఉండగా సుత్తితో కొట్టి వంపు తీసేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, అది నిలవదు. కట్టలోంచి ఒక పట్టీ తీసేస్తే కారు దిగుతుంది, బలమూ పోతుంది. ఇద్దరు ఎక్కితే రబ్బర్‌కి తగులుతుంది.

| దారి | దిగే ఎత్తు | ఏది చెడుతుంది | ఖర్చు | వెనక్కి మార్చడం |
|---|---|---|---|---|
| గట్టి, పొట్టి ముందు స్ప్రింగులు | 1 నుంచి 1½ అంగుళం | ప్రయాణం, విష్‌బోన్ కోణం | తక్కువ | సులువు |
| కోసిన స్ప్రింగులు | చెప్పలేం | దాదాపు అన్నీ | సున్నా | కుదరదు |
| క్రోమ్ క్రాస్‌మెంబర్ | సుమారు 1 అంగుళం | స్టీరింగ్ జాయింట్ గీత | మధ్యస్థం, పని ఎక్కువ | కష్టం |
| కాయిలోవర్ కిట్ | మీ ఇష్టం | అసలు రూపం, సరిచేసే తలనొప్పి | చాలా ఎక్కువ | కుదురుతుంది |
| వెనక బ్లాకులు | బ్లాకు మందం | ప్రయాణం, ఇరుసు మెలిక | చాలా తక్కువ | చాలా సులువు |
| తక్కువ వంపు కట్టలు | 1 నుంచి 1½ అంగుళం | ప్రయాణం | మధ్యస్థం | సులువు |

టైర్లతో వచ్చే 9 మి.మీ.

ఫ్యాక్టరీ సైజు 165-ఆర్-14 టైరు వ్యాసం సుమారు 620 మి.మీ. దాని బదులు 175/70-14 వేస్తే 601 మి.మీ. అంటే కారు 9 మి.మీ. పైచిలుకు దిగుతుంది, సస్పెన్షన్ ప్రయాణం ఒక్క మి.మీ. కూడా పోదు. అయితే ఫెండరు సందు తగ్గదు, చూపుకి కారు ఇంకా ఎత్తుగానే ఉంటుంది. స్పీడోమీటర్ అసలుకన్నా 3 శాతం ఎక్కువ చూపిస్తుంది. 185/70-14 వ్యాసం 615 మి.మీ., అసలుకి దగ్గర. అది వెడల్పు టైరు కాబట్టి దించిన కారులో వెనక ఫెండరు లోపలి మడతకి రాసుకునే అవకాశం ఉంది, అదీ తరచుగా ఒక పక్కే. ఈ కార్లలో ఇరుసు బాడీకి సరిగ్గా మధ్యలో ఉండటం అరుదు. బ్లాకులు పెట్టకముందే రెండు పక్కలా టైరుకీ మడతకీ మధ్య వేలు పెట్టి చూసుకోండి. తీగల చక్రాలున్న కారు ఇరుసు పొడవు తక్కువ, వాటికి ఈ బాధ ఉండదు.

స్పీడ్ బ్రేకర్ల లెక్క

ఎంజీబీ అడుగు సందు సుమారు 5 అంగుళాలు, 127 మి.మీ. తగిలేది ముందుగా ఎగ్జాస్ట్ పైపు, ఆ తర్వాత ఇంజిన్ కింది నూనె సంపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. దాని మీద ఎంజీబీ నాలుగు చక్రాలూ ఎక్కి నిలబడితే మధ్యలో అడుగుకి దగ్గరయ్యేది 4 సెంటీమీటర్లలోపే. దించిన కారు కూడా దాటేస్తుంది. అసలు ప్రమాదం కాలనీల్లో జనమే సిమెంటు పోసి కట్టుకున్న అడుగున్నర వెడల్పు దిమ్మలతో. అది మొత్తం రెండు ఇరుసుల మధ్య ఇమిడిపోతుంది కాబట్టి దాని ఎత్తంతా అడుగుకి తగులుతుంది. 12 సెంటీమీటర్ల దిమ్మ అయితే దించని కారుకే వెంట్రుకవాసి సందు మిగులుతుంది, ముందు చక్రాలు దిగి స్ప్రింగులు నొక్కుకున్న క్షణంలో ఇంకో అంగుళం పోయి గీరుకుంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో పాత ఎంజీ తిప్పేవాళ్లు ముందు మామూలు దారుల్లో దిమ్మలు కొలుచుకోండి. బహుశా వెనక అర అంగుళం, ముందు గట్టి స్ప్రింగులు చాలు. ఇంగ్లండులో హంప్ ఎత్తు నిబంధన ప్రకారం 100 మి.మీ. దాటకూడదు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

ఎవరికి ఏది

ఆదివారం షికారుకీ కార్ల ప్రదర్శనలకీ తిప్పేవాళ్లకి: వెనక అంగుళం బ్లాకులు, ముందు అంగుళం దించే 480 పౌండ్ల తరహా స్ప్రింగులు. కారు 1975, 76 మోడల్ అయి ముందు బార్ లేకపోతే, బ్లాకులకన్నా ముందు ఆ బార్ పెట్టండి. ఈ వ్యాసంలో ఒకే ఒక్క సలహా పాటించాలనుకుంటే ఇదే పాటించండి. దించకుండా బార్ పెట్టిన కారు, బార్ లేకుండా దించిన కారుకన్నా మలుపులో నమ్మకంగా ఉంటుంది.

మలుపుల రోడ్ల మీద సరదాగా నడపడం ఇష్టమైతే: తక్కువ వంపు కట్టలు, గట్టి స్ప్రింగులు, 1977 తర్వాతి తరహా ముందు వెనక బార్లు, కింది విష్‌బోన్‌కి ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌లో వచ్చిన బాండెడ్ (రబ్బరుని లోహానికి అతికించిన) బుష్‌లు. షాకులు కొత్తగా బాగుచేయించినవి ఉండాలి. గట్టి స్ప్రింగు తిరిగి విచ్చుకునేటప్పుడు ఎక్కువ తోస్తుంది. అరిగిన లివర్ ఆర్మ్ షాకు దాన్ని ఆపలేక కారు ముక్కు ఎగిరెగిరి పడుతుంది. చాలామంది దీన్ని స్ప్రింగు తప్పనుకుంటారు. షాకు నూనె కారుతోందా అని ముందు చూడండి.

ట్రాక్ కోసమైతే కాయిలోవర్లు, క్యాంబర్ సర్దుబాటు, వెనక ఇరుసు పక్కకి జరగకుండా పానార్డ్ రాడ్. ఆ కారుని మళ్లీ ఆఫీసుకి నడపాలని అనుకోవద్దు.

అమ్మే ఉద్దేశంతో ఉన్నవాళ్లు బ్లాకులు దాటి వెళ్లకండి, తీసిన పాత స్ప్రింగులు పారేయకండి. కొనేవాళ్లు అడుగుతారు.

అంతకన్నా కిందికి, రెండు రెండున్నర అంగుళాలు దించాలనేవాళ్లు కొంతమంది ఉంటారు. ఫోటోలో బాగుంటుంది. రోడ్డు మీద మాత్రం కారు ఎక్కువ సేపు బంప్ రబ్బర్ల మీదే నడుస్తుంది. రబ్బర్లని పొట్టిగా కోసేస్తే ఇరుసు నేరుగా బాడీకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బలకి పాత తుప్పు చోట్లు పగులుతాయి.

బిగించేటప్పుడు

ముందు స్ప్రింగు నొక్కి పెట్టిన బలం మనిషిని చంపగలదు. కారుని చాసిస్ కింద స్టాండ్ల మీద నిలపండి, జాకీ మీద మాత్రం ఎప్పుడూ కాదు. స్ప్రింగ్ ప్యాన్ బోల్టుల్లో ఎదురెదురుగా ఉన్న రెండింటి బదులు ఆరేడు అంగుళాల గట్టి థ్రెడ్ స్టడ్లు పెట్టి, మిగతావి విప్పి, స్టడ్ల నట్లు రెండూ కొద్దికొద్దిగా వదులు చేస్తూ ప్యాన్‌ని కిందికి దించాలి. ఇంకో పద్ధతిలో ప్యాన్ కింద జాకీ పెట్టి, షాకు చెయ్యి కొస పిన్ను తీసి, జాకీని నెమ్మదిగా దించుతారు. ఏదైనా సరే బ్రేక్ హోస్ మీద బరువు వేలాడకుండా హబ్‌ని తీగతో కట్టండి.

వెనక బ్లాకు పైనున్న పిన్ను ఇరుసు ప్యాడ్ రంధ్రంలో, కట్ట సెంటర్ బోల్టు తల బ్లాకు కింది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకుండా బిగిస్తే ఇరుసు కొద్దిగా వంకరై కారు ఎప్పుడూ పక్కకి నడుస్తుంది. యూ బోల్టులు కొత్తవే వాడండి, నాలుగు నట్లూ ఎదురెదురుగా సమంగా బిగించండి. వంద మైళ్ల తర్వాత మళ్లీ చూడండి, రబ్బరు ప్యాడ్లు సర్దుకుని తప్పకుండా వదులవుతాయి.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచేది బుష్‌ల సంగతి. కట్ట కళ్ల బోల్టులు, విష్‌బోన్ పివట్ బోల్టులు కారు గాల్లో ఉండగా చేత్తో మాత్రమే బిగించి, చక్రాల మీద నిలబడ్డాక ఆఖరుగా గట్టిగా బిగించాలి. గాల్లోనే బిగిస్తే రబ్బరు ఆ వేలాడే కోణంలో అతుక్కుంటుంది. కారు దిగగానే మెలితిరిగి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. అది చిరిగేదాకా కారుని కొంచెం పైకి పట్టుకుంటుంది కూడా, "దించినా దిగలేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. బాండెడ్ వీ8 బుష్‌లకి ఇది ఇంకా ముఖ్యం.

ఆ తర్వాత టో, అంటే ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత, సరిచేయించండి. ఫ్యాక్టరీ లెక్క 1/16 నుంచి 3/32 అంగుళం లోపలికి, అంటే 1.6 నుంచి 2.4 మి.మీ. స్ప్రింగులు కుంగాక, అంటే కొన్ని వందల మైళ్లకి మళ్లీ ఒకసారి. హెడ్‌లైట్ల చూపు కూడా మారుతుంది, గోడ ముందు నిలబెట్టి సరిచేసుకోండి.

కాగితాల విషయం. ఇంగ్లండులో నలభై ఏళ్లు దాటిన కారుకి ఏటా చేసే ఎంఓటీ పరీక్ష (రోడ్డు మీద తిరగడానికి తగినదా అని చూసేది) అక్కర్లేదు, గత ముప్పై ఏళ్లలో పెద్ద మార్పులు చేసి ఉండకపోతేనే. సస్పెన్షన్ రకాన్నో పద్ధతినో మార్చడం పెద్ద మార్పుల జాబితాలో ఉంది. భద్రత కోసమో, ఆ కార్లు తయారైన కాలంలో చేసేవో అయితే మినహాయింపులున్నాయి. స్ప్రింగులూ బ్లాకులతో చిక్కు రాదు, కాయిలోవర్ కిట్ పెట్టేవాళ్లు నిబంధన చదువుకుని పెట్టాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన తయారీదారు వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. ఎక్కడున్నా బీమా కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పి, బిల్లులు దాచుకోండి.